మనల్ని మనం మోసం చేసుకోవడం: యాకోబు పత్రికలో ఒక లెక్కల మాట

"మీరు వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ, వాక్యప్రకారము ప్రవర్తించువారునైయుండుడి." ఇది యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో 22వ వచనం. తెలుగు చర్చిల్లో పెరిగినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. సండే స్కూల్లో కంఠతా పట్టిస్తారు, ప్రసంగం చివర్లో పాస్టరుగారు గుర్తుచేస్తారు. అయితే దీని గురించి మాట్లాడేటప్పుడు దాదాపు అందరం ఒకే సగం పట్టుకుంటాం: వింటే చాలదు, చేయాలి. "మోసపుచ్చుకొనకుండ" అన్న మాట దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు. ఆగాల్సింది అక్కడే అని నాకనిపిస్తుంది. విని ఊరుకునేవాడిని యాకోబు బద్ధకస్తుడనలేదు, భక్తి లేనివాడనీ అనలేదు. మోసపోయాడన్నాడు. ఆ మోసం చేసింది కూడా వాడేనన్నాడు.

ఒక మనిషి తనను తానే ఎలా మోసం చేసుకోగలడు? మోసం జరగాలంటే ఒకరికి నిజం తెలిసుండాలి, రెండోవారికి తెలియకూడదు. అమ్మేవాడికి సరుకులో లోపం తెలుసు, కొనేవాడికి తెలియదు. ఆ ఇద్దరూ ఒకే మనిషి అయితే, ఒకే విషయం అతనికి తెలిసీ తెలియకుండా ఎలా ఉంటుంది? తత్వశాస్త్రంలో ఇది చాలాకాలంగా నలుగుతున్న చిక్కుముడి. యాకోబు వాడిన గ్రీకు మాటను విప్పి చూస్తే ఈ ముడి మొత్తం వీడిపోదు గానీ, ఎక్కడ పట్టుకుని లాగాలో తెలుస్తుంది.

ఆ మాట "పరలొగిజొమై". ఇందులో రెండు ముక్కలున్నాయి. ముందున్న "పర" మన సంస్కృతంలోని "పర" కాదు. గ్రీకులో దానికి "పక్కన" అని అర్థం, కొన్ని మాటల ముందు చేరినప్పుడు "పక్కకు తప్పి" అని. రెండో ముక్క "లొగిజొమై" అంటే లెక్కపెట్టడం, లెక్కగట్టడం, ఒకరి పేరున జమ వేయడం. వ్యాపారంలో, పద్దుల్లో వాడుకలో ఉన్న మాట. అక్కడినుంచి ఆలోచించడం, నిర్ధారణకు రావడం అనే అర్థాలకు కూడా పాకింది. రెండూ కలిస్తే, లెక్క తప్పించడం. ఎదుటివాడికి తప్పుడు లెక్క చూపించడం, లేదా తర్కంలో దారి తప్పి తప్పుడు తేల్పుకు చేరడం.

తెలుగువాళ్ళకి ఇది అందని విషయమేమీ కాదు. మన దగ్గర కూడా లెక్కకీ ఆలోచనకీ మధ్య గోడ లేదు. "వాడు నన్ను లెక్కచేయలేదు" అంటాం, అక్కడ అంకెలేమీ ఉండవు. "ఎంచు" అన్నా అంతే, లెక్కించడమూ అదే, భావించడమూ అదే. పాత తెలుగు బైబిలు అనువాదకులు "లొగిజొమై" వచ్చినచోట చాలాసార్లు ఈ "ఎంచు"నే వాడారు. రోమీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం ఒక్కదాంట్లోనే పౌలు ఈ క్రియను 11 సార్లు వాడాడు. అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా "ఎంచబడెను". ఆ అధ్యాయం 4వ వచనంలోనైతే లెక్కల వాసన మరీ స్పష్టంగా ఉంటుంది: "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." జీతం, అప్పు, జమ, అన్నీ అక్కడే ఉన్నాయి.

కొత్త నిబంధనలో "పరలొగిజొమై" కనిపించేది రెండే రెండు చోట్ల. ఒకటి యాకోబు 1:22, రెండోది కొలొస్సయులకు 2:4. అయితే దీని అసలు చరిత్ర పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఉంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో మొదలై హీబ్రూ లేఖనాలను ఈజిప్టులోని యూదులు గ్రీకులోకి తెచ్చుకున్నారు. దాన్నే సెప్టువజింట్ అంటారు. తొలి క్రైస్తవుల్లో గ్రీకు మాట్లాడేవాళ్ళు చదువుకున్న బైబిలు అదే. అందులో ఈ మాట మొదట ఎవరి నోట వస్తుందో చూడండి. ఏడేళ్ళు రాహేలు కోసం కొలువు చేసి, పెళ్ళైన మర్నాటి ఉదయం పక్కన లేయాను చూసి, యాకోబు మామ లాబానును నిలదీస్తాడు: ఎందుకు నన్ను మోసపుచ్చితివి? ఆదికాండము 29:25. గ్రీకులో ఆ క్రియ ఇదే. రెండు అధ్యాయాల తర్వాత, 31:41లో మళ్ళీ యాకోబే, మళ్ళీ లాబానుతోనే. ఇరవై ఏళ్ళు నీ ఇంట్లో పనిచేశాను, నా జీతం పదిసార్లు మార్చావు అంటాడు. హీబ్రూలో ఉన్నది "మార్చావు" అనే. గ్రీకు అనువాదకులు అక్కడ "నా జీతంలో పది ఆడ గొర్రెపిల్లల లెక్కన నన్ను మోసం చేశావు" అనే అర్థం వచ్చేలా ఈ మాట వేశారు. అంటే వాళ్ళ చెవికి ఇది కేవలం అబద్ధం చెప్పడం కాదు. కూలి లెక్కల్లో చేతివాటం.

ఇక్కడ తెలుగు పాఠకులకి ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషు బైబిల్లో ఆదికాండపు పితరుడి పేరు ఒకటి, పత్రిక రాసినతని పేరు ఇంకొకటిగా మారిపోయింది. మనకి ఇద్దరూ యాకోబులే. అసలు గ్రీకులోనూ అదే పేరు, పత్రిక రాసినతని పేరు చివర "ఒస్" అన్న ముగింపు చేరింది అంతే. జీతం లెక్కల్లో మోసపోయిన ఆ యాకోబు నోట పుట్టిన ఫిర్యాదు మాటనే, శతాబ్దాల తర్వాత ఈ యాకోబు తీసుకుని, "ఇది మీకు మీరే చేసుకుంటున్నారు" అంటున్నాడు. కావాలనే ఆ కథను గుర్తుచేశాడని నేననను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ సెప్టువజింట్ చదివి పెరిగిన శ్రోతకి ఆ మాటలో లాబాను నీడ కనబడే ఉంటుంది.

గ్రీకు తర్కశాస్త్రంలో కూడా ఈ మాటకి స్థిరమైన చోటుంది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్, పైకి సరిగ్గా కనబడుతూ లోపల తప్పిన వాదనలను విడదీసి చూపిస్తూ ఒక చిన్న గ్రంథం రాశాడు. దాని మొదట్లోనే ఒక ఉదాహరణ ఇస్తాడు. ఆ రోజుల్లో కూడికలూ తీసివేతలూ గులకరాళ్ళతో చేసేవారు. రాళ్ళు కదపడం సరిగ్గా రానివాడిని, అందులో ఆరితేరినవాడు సులభంగా బోల్తా కొట్టిస్తాడు. మాటల శక్తి ఎంతో తెలియనివాళ్ళకి వాదనలో అదే గతి పడుతుంది, తాము మాట్లాడేటప్పుడూ అంతే, ఇతరులు మాట్లాడేది వినేటప్పుడూ అంతే అంటాడు. అక్కడ "గతి పడుతుంది" అని నేను రాసినచోట ఆయన వాడిన క్రియ "పరలొగిజొమై". వినేటప్పుడు కూడా లెక్క తప్పవచ్చన్న ఆ చిన్న చేర్పు, యాకోబు వచనం పక్కన పెట్టి చదివితే ఎంత దగ్గరగా వస్తుందో!

అదే గ్రంథంలో అరిస్టాటిల్ చెప్పిన ఒక తప్పు ఇక్కడ మనకి బాగా పనికొస్తుంది. వాన కురిస్తే నేల తడుస్తుంది. కాబట్టి నేల తడిగా ఉంటే వాన కురిసిందనుకుంటాం. తేనె పసుపు రంగులో ఉంటుంది. కాబట్టి పసుపుగా ఉన్న పైత్యరసాన్ని చూసి తేనె అనుకుంటాం. మొదటి వాక్యం ప్రతిసారీ నిజమే. దాన్ని తిరగేసిన చోట తప్పు జరుగుతుంది. ఇప్పుడు దీన్ని యాకోబు మాట మీద పెట్టి చూడండి. వాక్యం ప్రకారం నడిచేవాడు ముందు దాన్ని విని ఉంటాడు. ఇది నిజం. కాబట్టి విన్నాను కదా, నడిచేవాళ్ళలో నేనూ ఉన్నాను! ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. వినడం నిజంగా జరిగింది. కన్నీళ్ళు నిజంగా వచ్చాయి. "ఆమెన్" నిజంగానే అన్నాం. తేల్పు మాత్రం తప్పు.

కొట్టు నడిపేవాళ్ళకి ఈ తరహా తప్పు బాగా తెలుసు. సరుకు వచ్చింది, డబ్బు వచ్చింది, ఎవరూ ఒక్క రూపాయి దొంగిలించలేదు. కానీ ఒకరి పేరున పడాల్సిన పద్దు ఇంకొకరి ఖాతాలో పడింది. చిట్టా తిరగేస్తే ఒక్క దొంగ పద్దూ దొరకదు, అయినా సాయంత్రానికి లెక్క తేలదు. యాకోబు చెప్పే ఆత్మవంచన నాకు ఇలాంటిదిగా అర్థమవుతుంది. విన్నదాన్ని చేసినదాని ఖాతాలో జమ వేసుకోవడం.

ఇలా చూస్తే మొదట చెప్పిన చిక్కుముడి చాలా వదులవుతుంది. తనకి తాను అబద్ధం చెప్పుకోవాలంటే ఒకే తలలో ఇద్దరు మనుషులుండాలి. లెక్క తప్పడానికి అక్కర్లేదు. రాసేవాడూ, సరిచూసేవాడూ ఒకడే అయితే చాలు. అందులోనూ తప్పు తనకి లాభంగా పడినప్పుడు, మళ్ళీ మొదటినుంచి కూడాలని ఎవరికీ అనిపించదు. నష్టం చూపించిన లెక్కనైతే మూడుసార్లు కూడుతాం. అందుకే ఇది అమాయకపు పొరపాటు కూడా కాదు. ఒక్కో పద్దు వేసినప్పుడు అబద్ధమాడకపోయినా, సరిచూసుకోకుండా వదిలేసినందుకు మనమే బాధ్యులం. యాకోబు దాన్ని పొరపాటనకుండా మోసమని ఎందుకన్నాడో నాకు ఇక్కడ అర్థమవుతుంది.

దావీదు సంగతి దీనికి మంచి ఉదాహరణ, అక్కడ ఈ గ్రీకు మాట లేకపోయినా. ఊరియా భార్యను తెచ్చుకుని, ఊరియాను యుద్ధంలో చంపించిన తర్వాత, నాతాను ప్రవక్త వచ్చి ఒక ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ చెబుతాడు. దావీదు కోపంతో మండిపడి తీర్పు చెబుతాడు: అతడు చావదగినవాడు, ఒక గొర్రెపిల్లకి నాలుగు ఇవ్వాలి. దొంగిలించి చంపిన గొర్రెకి నాలుగు ఇవ్వాలన్నది నిర్గమకాండములోని ధర్మశాస్త్రం చెప్పే లెక్కే. అంటే దావీదుకి ధర్మం తెలుసు, లెక్క తెలుసు, ఎదుటివాడి విషయంలో అంకెతో సహా ఒప్పజెప్పాడు. తెలియనిదల్లా ఒక్కటే, ఆ ఖాతా ఎవరి పేరున ఉందో. "ఆ మనుష్యుడవు నీవే" అని నాతాను చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మాటను రెండు ముక్కలు చేసి, ఆ ముక్కల అర్థాలు కూడితే అదే అసలు అర్థమైపోతుందని ప్రసంగాల్లో తరచూ అనుకుంటారు. భాష అలా పనిచేయదు. ఈ మాటే చూడండి. 1 సమూయేలు 28వ అధ్యాయంలో మారువేషంలో వచ్చిన సౌలును గుర్తుపట్టి ఏన్దోరు స్త్రీ కేకవేసి, నన్నెందుకు మోసపుచ్చావు అంటుంది. సెప్టువజింట్లో అక్కడా ఇదే క్రియ. అక్కడ జీతాల్లేవు, గొర్రెల్లేవు, తర్కమూ లేదు. కేవలం మోసం. అంటే ఆ కాలానికే ఈ మాట అరిగి అరిగి, చాలా చోట్ల "మోసం చేయు" అన్న మామూలు అర్థంలోనే వాడుకలో ఉంది. యాకోబు కూడా అలాగే వాడి ఉండవచ్చు కదా?

వాడి ఉండవచ్చు. కానీ అలా కాదనుకోవడానికి నాకు రెండు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది కొలొస్సయులకు రాసిన పత్రిక. అక్కడ "చక్కని మాటలచేత" ఎవరూ మిమ్మల్ని మోసపరచకూడదని ఉంది. ఆ "చక్కని మాటలు" అన్నచోట గ్రీకులో ఉన్నది నమ్మదగినట్టు అల్లిన వాదన అనే అర్థం వచ్చే పదం. కాబట్టి తప్పుడు తర్కం అనే అర్థం మొదటి శతాబ్దపు క్రైస్తవుల్లో ఇంకా బతికే ఉంది. రెండో కారణం యాకోబు పత్రిక లోపలే దొరుకుతుంది. 2:23లో అబ్రాహాము గురించిన ఆ పాత మాటనే యాకోబు కూడా ఎత్తి చెబుతాడు: అది అతనికి నీతిగా "ఎంచబడెను". అక్కడి క్రియ "లొగిజొమై". ఒకే పత్రికలో, ఒకటి దేవుడు వేసిన లెక్క, ఇంకొకటి మనిషి తనకి తాను వేసుకున్న తప్పు లెక్క. పౌలు, యాకోబు విశ్వాసం గురించి ఒకరినొకరు ఖండించుకున్నారా అని శతాబ్దాలుగా వాదనలు జరిగాయి. ఆ వాదనలోకి నేను దిగను. కానీ ఇద్దరూ ఒకే వచనాన్ని, ఒకే లెక్కల మాటను పట్టుకున్నారన్నది మాత్రం కళ్ళకి కనిపించే విషయం.

మూడోది, ఈ పత్రికలో యాకోబు ఇచ్చే ఉదాహరణలు. 2:15, 16 చదవండి. ఒక సహోదరుడికో సహోదరికో ఒంటి మీద బట్ట లేదు, ఆ పూట తిండి లేదు. మీలో ఒకడు వాళ్ళతో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి, శరీరానికి కావలసినవి ఇవ్వకుండా పంపేశాడు. ఆ మాటల్లో తప్పేముంది? ఏమీ లేదు. అది ఆశీర్వాదం. చెప్పినవాడి మనసులో నిజంగా జాలి కూడా ఉండి ఉండవచ్చు. వచ్చినవాడు వెళ్ళిపోయాక ఇతను, ఒక మంచి పని చేశానన్న తృప్తితో కూర్చుంటాడు. చలి మాత్రం అలాగే ఉంది. చెప్పడం ఇచ్చినదాని ఖాతాలో పడింది. ఇంతకంటే స్పష్టంగా "పరలొగిజొమై"కి బొమ్మ గీయడం కష్టం.

ఇక మళ్ళీ మొదటి అధ్యాయానికి వస్తే, 23, 24 వచనాల్లో విని ఊరుకునేవాడిని యాకోబు అద్దంలో ముఖం చూసుకునే మనిషితో పోలుస్తాడు. ఆ రోజుల్లో అద్దాలు గాజువి కావు, మెరుగుపెట్టిన కంచు లాంటి లోహపు పలకలు. అందుకని ఆ మనిషికి ముఖం సరిగ్గా కనబడలేదనో, పైపైన ఒక చూపు చూసి వెళ్ళిపోయాడనో చాలామంది చెబుతుంటారు. గ్రీకు పాఠం అలా అనదు. అక్కడ చూడడానికి వాడిన క్రియ "కతనొయెవో", శ్రద్ధగా గమనించడం. లూకా 12వ అధ్యాయంలో కాకుల్ని చూడండి, పువ్వుల్ని చూడండి అని యేసు అన్నప్పుడు ఉన్నది కూడా అదే క్రియ. ఈ మనిషి కూడా బాగానే చూశాడు. తన "సహజముఖము", గ్రీకులో ఉన్నట్టు చెప్పాలంటే పుట్టుకతో వచ్చిన ముఖం, అతనికి స్పష్టంగానే కనిపించింది. తర్వాత అవతలికి పోయాడు, వెంటనే మరిచిపోయాడు. 25వ వచనంలో అతనికి పోటీగా వచ్చే మనిషి గొప్పతనం కూడా చూపు పదునులో లేదు. "నిలుకడగా ఉండువాడు" అన్న మాటలో ఉంది. అతను "తేరి చూచి" అక్కడే ఆగాడు. ఆ "తేరి చూచి" అన్నచోట ఉన్న క్రియ వంగి చూడడాన్ని చెబుతుంది. యేసు సమాధి దగ్గరికి ముందుగా పరుగెత్తి వచ్చిన శిష్యుడు వంగి లోపలికి చూసినప్పుడు యోహాను సువార్త వాడిన క్రియ అదే.

ఇది ముఖ్యమని ఎందుకంటున్నానంటే, మనలో చాలామంది మోసపోకుండా ఉండాలంటే ఇంకా బాగా వినాలి అనుకుంటాం. ఇంకో మీటింగు, ఇంకో మెసేజ్, ఇంకాస్త లోతైన వాక్యధ్యానం. యూట్యూబులో రోజుకి రెండు ప్రసంగాలు వింటూ, నోట్స్ రాసుకుంటూ, అదే వారంలో ఇంట్లో పనిచేసే మనిషికి జీతం ఇవ్వడం ఆలస్యం చేసేవాళ్ళున్నారు. వాళ్ళు కపటులు కారు. నిజంగా శ్రద్ధగా వింటారు. యాకోబు చెప్పే ప్రమాదం సరిగ్గా వాళ్ళకే. వినడం ఎంత బాగా సాగితే, చేసేశామన్న భావన అంత గట్టిగా కుదురుకుంటుంది. "వినువారు" అన్నచోట ఉన్న "అక్రొయతెస్" అనే మాటను గ్రీకులో ఉపన్యాసాలకు హాజరయ్యే శ్రోతలకు కూడా వాడేవారు. చెవులు మూసుకున్నవాడికి ఈ హెచ్చరిక అవసరం లేదు.

తెలుగు బైబిల్లో "తన్ను తానే మోసపరచుకొనును", "మనలను మనమే మోసపుచ్చుకొందుము" అని కనబడే మిగతా చోట్ల గ్రీకులో ఉన్నవి వేరే మాటలు. తెలుగులో అన్నీ ఒకటే "మోసం" కావడంతో ఆ తేడాలు మనకి తెలియవు. నాలుగు వచనాల తర్వాతే, 1:26లో, నోటికి కళ్లెం పెట్టుకోకుండా భక్తిపరుడననుకునేవాడు "తన హృదయమును మోసపరచుకొనుచు" ఉన్నాడని యాకోబు అంటాడు. ఇక్కడి క్రియ "అపతావో". దీంట్లో లెక్క లేదు, ప్రలోభం ఉంది. సర్పము నన్ను మోసపుచ్చింది అని హవ్వ చెప్పినప్పుడు గ్రీకు ఆదికాండములో ఉన్నది ఇదే. దీని నామవాచకమే మత్తయి 13వ అధ్యాయంలోని విత్తువాని ఉపమానంలో "ధనమోసము" అయింది, హెబ్రీయులకు 3:13లో "పాపమువలన కలుగు భ్రమ" అయింది. ఆ "భ్రమ" చాలా మంచి ఎంపిక. కంటికి ఇంపుగా ఉండి లాక్కుపోయే మోసానికి అంతకంటే మంచి తెలుగు మాట నాకు తోచదు.

గలతీయులకు 6:3లో పౌలు ఇంకో అడుగు ముందుకేస్తాడు: "ఎవడైనను వట్టివాడైయుండి తాను ఎన్నికైన వాడనని యెంచుకొనిన యెడల తన్ను తానే మోసపరచుకొనును." క్రియ "ఫ్రెనపతావో". "ఫ్రెన్" అంటే బుద్ధి. పాత గ్రీకులో గుండెకీ కడుపుకీ మధ్యనున్న భాగాన్ని ఆ పేరుతో పిలిచేవారు, ఆలోచన అక్కడ పుడుతుందని నమ్మేవారు. కాబట్టి తన బుద్ధినే భ్రమలో పడేయడం అనుకోవచ్చు. కొత్త నిబంధనలో ఈ క్రియ ఈ ఒక్కచోటే ఉంది. ఇలా చేసేవాళ్ళకి పేరుగా దీని నామవాచకం తీతుకు 1:10లో ఒకసారి వస్తుంది. సందర్భం చూస్తే పౌలు ఎవరిని ఉద్దేశించి అన్నాడో తెలుస్తుంది. దానికి రెండు వచనాల ముందు, ఎవరైనా తప్పులో చిక్కుకుంటే సాత్వికంగా మంచిదారికి తీసుకురమ్మంటాడు. ఇంకొకరిని సరిదిద్దే పెద్దమనిషికి వచ్చే జబ్బు ఇది.

ఈ యాకోబు 1:26, గలతీయులకు 6:3, వాటితోపాటు 1 కొరింథీయులకు 3:18, మూడూ గ్రీకులో ఒకే తీరులో సాగుతాయి: "ఎవడైనను తాను ఫలానా అని అనుకొనిన యెడల". భక్తిపరుడనని, గొప్పవాడనని, జ్ఞానినని. మూడింట్లోనూ "అనుకొను"కు ఒకే క్రియ, "దొకెయి". వేర్వేరు ఊళ్ళకి, వేర్వేరు గొడవల గురించి ఇద్దరు మనుషులు రాసిన ఉత్తరాల్లో ఈ పోలిక ఉండడం నన్ను ఆలోచనలో పడేస్తుంది. ఆత్మవంచన గురించి కొత్త నిబంధన మాట్లాడేటప్పుడు దొంగలూ తాగుబోతులూ దాదాపు కనిపించరు. భక్తి, హోదా, తెలివి ఉన్నాయనుకునేవాళ్ళే కనిపిస్తారు.

యోహాను మొదటి పత్రిక 1:8 మాటలో ఇంకో రుచి ఉంది. "మనము పాపములేనివారమని చెప్పుకొనిన యెడల, మనలను మనమే మోసపుచ్చుకొందుము." క్రియ "ప్లనావో", దారి తప్పించడం, దారి తప్పి తిరగడం. తప్పిపోయిన గొర్రెకు మత్తయి వాడింది ఇదే. ఆకాశంలో మిగతా నక్షత్రాల్లా వరుసలో ఉండకుండా తిరిగే వాటిని గ్రీకులు ఈ మాటతోనే పిలిచారు, ప్లానెట్ అన్న ఇంగ్లీషు మాట అక్కడినుంచే వచ్చింది. యూదా పత్రికలోని "మార్గము తప్పి తిరుగు చుక్కలు" అవే. లెక్క తప్పితే కూర్చున్నచోటే సరిదిద్దవచ్చు. దారి తప్పితే అలా కుదరదు, నడిచినకొద్దీ దూరం పెరుగుతుంది. ఇంకో సంగతి, యోహాను "మనము" అన్నాడు. ఒక సంఘం మొత్తం కలిసి, ఒకరినొకరు చూసుకుంటూ, ధైర్యం చెప్పుకుంటూ తప్పిపోవచ్చు. గుంపులో నడిచేవాడికి దారి గురించి టెన్షన్ ఉండదు.

దీనికి విరుగుడుగా ఈ రచయితలు చెప్పినవి గమనిస్తే, ఒంటరిగా కూర్చుని ఇంకా లోతుగా ఆత్మపరిశీలన చేసుకోమని ఎవరూ ఊరుకోలేదు. పౌలు స్వపరీక్ష గురించి చెప్పాడు నిజమే, కానీ గలతీయులకు 6:4లో పరీక్షించమన్నది తన భావాల్ని కాదు, "తాను చేయుపనిని". అక్కడి క్రియను లోహాన్ని, నాణేన్ని పరీక్షించి మంచిదో కాదో తేల్చడానికి వాడేవారు. యోహాను "ఒప్పుకొనిన యెడల" అంటాడు. గ్రీకులో అది "అదే మాట అనడం", దేవుడు నా గురించి ఏమంటున్నాడో నేనూ అదే అనడం. యాకోబు 5:16లో, మీ పాపములను ఒకరితో ఒకరు ఒప్పుకోమన్నాడు. హెబ్రీ పత్రిక, పాపపు భ్రమ మిమ్మల్ని కఠినపరచకుండా ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకోమంది. అన్నిచోట్లా రెండో మనిషి ఉన్నాడు. పద్దు రాసినవాడే సరిచూస్తే తేలని లెక్క ఇది.

ఆ రెండో మనిషి పాస్టరుగారో, స్నేహితుడో, ప్రార్థన గుంపులో సహోదరియో కావచ్చు. కానీ యాకోబు పత్రిక 5వ అధ్యాయం నాలుగో వచనంలో ఇంకొకరు కనిపిస్తారు, నేను వాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. "మీ చేలు కోసిన పనివారికియ్యక మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱ పెట్టుచున్నది." ఆ "కూలి"కి గ్రీకులో ఉన్న మాట "మిస్తొస్". ఆదికాండము 31:41లో లాబాను పదిసార్లు మార్చిన జీతానికి సెప్టువజింట్లో ఉన్న మాటా అదే. ఈ భూస్వాములు తమ పుస్తకంలో ఏం రాసుకున్నారో యాకోబు చెప్పలేదు. బహుశా అన్నీ సరిగ్గానే ఉన్నట్టు రాసుకుని ఉంటారు. కోతకి వచ్చినవాళ్ళకి మాత్రం తమకి ఎన్ని రోజుల కూలి రావాలో తెలుసు, వాళ్ళు దేవుడి దగ్గర చెప్పుకుంటున్నది ఆ అంకె.